పెళ్లి గురించి అడుగుతారు, స్నేహం గురించి అడగరు: విశాఖలో దివ్యాంగ యువత, తోడు

నడక కష్టమైన పిల్లలున్న ఇళ్లలో రెండు ప్రశ్నలు ఎప్పుడూ వినిపిస్తాయి. చిన్నప్పుడు ‘చదువు ఎలా?’, ఇరవై దాటాక ‘పెళ్లి ఎలా?’. ఈ రెండింటి మధ్య పదేళ్ల కాలం ఉంటుంది. తోటివాళ్లంతా జట్లు కట్టి తిరిగే కాలం, ఎవరినో ఇష్టపడి ఆ మాట చెప్పలేక నలిగే కాలం, చెప్పి కాదనిపించుకుని మళ్లీ తేరుకునే కాలం అది. దివ్యాంగులైన పిల్లలకు ఆ పదేళ్లు ఎలా గడిచాయో ఇంట్లో అడగరు, కాలేజీలో అడగరు. ఏ పథకం దరఖాస్తులోనూ దాని ఊసుండదు. ఆ తర్వాత ఒక రోజు పెళ్లిచూపులకు కూర్చోబెట్టి, నీ ఇష్టమేంటో చెప్పమంటారు.

వాళ్లకు తోడు దొరకకపోవడానికి శరీరమే కారణమని చాలామంది నమ్మకం. విశాఖలాంటి నగరాన్ని కాస్త దగ్గరగా చూస్తే ఆ నమ్మకం నిలవదు. పరిచయాలు పెరిగే వేళలు, చోట్లు, కాస్తంత ఏకాంతం ఆ పదేళ్లలో వాళ్లకు అందకుండా పోవడమే అసలు నష్టం. పెళ్లి దగ్గర బయటపడే కష్టాల్లో చాలావరకు అక్కడ మొదలైనవే.

తరం మారింది

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. అందులో కదలికకు సంబంధించిన వైకల్యం ఉన్నవాళ్లు దాదాపు 54 లక్షలు. ఆ లెక్క పాతబడింది. దాని వెనక ఉన్న మనుషులూ మారారు.

ఒకప్పుడు కాళ్ల వైకల్యం అంటే ముందుగా పోలియోనే గుర్తొచ్చేది. ఒకే వీధిలో, ఒకే హాస్టల్లో పోలియో వచ్చిన పిల్లలు ఇద్దరు ముగ్గురైనా కనబడేవాళ్లు. వికలాంగుల సంఘాలకు వెన్నెముకగా నిలిచింది ఎక్కువగా ఆ తరమే. సంఘం మీటింగుల్లో, బస్ పాస్ వరుసల్లో, కాళ్లకు ఊతమిచ్చే క్యాలిపర్లు పంచే క్యాంపుల్లో ఒకరికొకరు పరిచయమయ్యేవాళ్లు. ఆ పరిచయాలు కొన్ని పెళ్లిదాకా వెళ్లేవి. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న భారత్ పోలియో రహిత దేశంగా ధ్రువీకరణ పొందింది. చాలా గొప్ప విజయం అది.

ఇప్పుడు ఇరవై ఏళ్లున్న యువతలో ఒకరికి పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు కష్టమవడం), ఇంకొకరికి కండరాల క్షీణత, మరొకరికి బైకు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతినడం. ఒక్కొక్కరి అవసరం ఒక్కో తీరు. వీళ్లను కలిపే ఉమ్మడి చోటు అంటూ లేదు. బధిరులకు సైగల భాష ఉంది, ఆ భాష చుట్టూ స్నేహాలూ పెళ్లిళ్లూ అల్లుకుంటాయి. శారీరక వైకల్యం ఉన్నవాళ్లకు అలాంటి భాష లేదు. ఒకరికొకరు తారసపడేది వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు వరుసలోనే. అక్కడ ప్రతి ఒక్కరి దృష్టీ శాతం మీద ఉంటుంది. పథకాలకు కావాల్సిన నలభై శాతం వస్తుందా రాదా అన్న టెన్షన్‌లో పక్కనున్నవాళ్ల పేరు కూడా అడగరు.

సాయంత్రాలు ఎవరివి?

విశాఖ యువతకు సాయంత్రం అంటే బీచ్ రోడ్డు. ఆర్కే బీచ్ దగ్గర గోడ మీద కూర్చుని మురీ మిక్చర్ తింటూ గంటలు గడిపేస్తారు. ఏ పనీ లేకుండా పక్కపక్కన కూర్చునే ఆ గంటల్లోనే మనిషికి మనిషి అర్థమవుతాడు. ఎవరు నవ్విస్తారో, ఎవరికి కోపం ఎక్కువో, ఎవరు తన మాట వింటున్నారో తెలిసేది అప్పుడే. క్లాసులో బెంచీ పంచుకోవడం వేరు, ఇది వేరు.

ఇప్పుడు కొండవాలు బస్తీలో ఉండే ఒక యువకుడి సంగతి చూద్దాం. నగరమంతా ఎత్తుపల్లాలే. ఆరిలోవ, హనుమంతవాక, కంచరపాలెం వైపు కొండ మీదికి ఎగబాకిన ఇళ్లకు మెట్లే దారి. కింద రోడ్డుదాకా రావడానికే ఇద్దరు మనుషులు కావాలి. కాలేజీకి వెళ్లాలంటే ఇంట్లోవాళ్లు తప్పదని మోస్తారు, పరీక్షకు మోస్తారు, ఆసుపత్రికి మోస్తారు. ‘ఊరికే స్నేహితుల్ని కలిసొస్తాను’ అంటే ఎవరు మోస్తారు? అడగడానికే అతనికి నోరు రాదు. అలా అడగడం మానేసిన సాయంత్రాలు ఏళ్లుగా పేరుకుంటాయి.

దారి దొరికి కిందికి వచ్చినా షేర్ ఆటో ఎత్తు ఒక అడ్డు, సిటీ బస్సు మెట్లు ఇంకో అడ్డు. సిరిపురం, వీఐపీ రోడ్డు వైపు కుర్రకారు చేరే కాఫీ షాపుల్లో చాలావాటికి గుమ్మం దగ్గరే మెట్లు ఎదురవుతాయి. కొన్ని మొదటి అంతస్తులో ఉంటాయి. ర్యాంపు ఉన్నచోట కూడా అది బండి ఎక్కేంత వాలుగా ఉండదు. నిలువుగా ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు ర్యాంపు కావాలన్నది నిబంధన. మన దగ్గర రెండు అడుగుల సిమెంటు పలక వేసి ర్యాంపు కట్టేశాం అంటారు.

స్నేహితులు మంచివాళ్లే అయితే ‘మేమున్నాం కదరా’ అని ఎత్తుకుని తీసుకెళ్తారు. అబ్బాయిల్లో ఈ స్నేహం నిజంగా గొప్పగా ఉంటుంది. కానీ ఎత్తుకు తీసుకెళ్లినవాళ్లు బయల్దేరినప్పుడే తనూ బయల్దేరాలి. ఒక అమ్మాయితో ఇంకో పది నిమిషాలు మాట్లాడాలనిపించినా ఆగలేడు. అమ్మాయిల విషయంలో ఆ ఎత్తుకోవడం కూడా కుదరదు. ఆడపిల్లను నాన్నో అన్నయ్యో తప్ప వేరేవాళ్లు ముట్టుకోకూడదు కాబట్టి నాన్న తీరిక ఆమె ప్రపంచానికి సరిహద్దు అవుతుంది.

అందుకే పక్క చక్రాలు బిగించిన స్కూటీ చాలామంది జీవితంలో ఒక మలుపు. దాన్ని ఉద్యోగానికి, చదువుకి ఉపయోగపడే వాహనంగానే చూస్తారు. ప్రభుత్వం ఇచ్చే మూడు చక్రాల మోటారు బండ్ల ఎంపికలోనూ చదువు, ఉపాధి చూస్తారు. వాడేవాళ్లకు మాత్రం అది ఎవరినీ అడగకుండా బయటికి వెళ్లే, తనకు నచ్చినప్పుడు తిరిగొచ్చే, వెనక సీటులో తను కోరుకున్న మనిషిని కూర్చోబెట్టుకునే స్వేచ్ఛ. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు ఇలాంటి బండ్లను ‘అడాప్టెడ్ వెహికల్’ అనే పేరుతో గుర్తించారు. లైసెన్సు ఉన్నా, స్టీల్ ప్లాంట్ వైపు నుంచి ఒంటరిగా బండి మీద వచ్చే దివ్యాంగురాలిని చూసి ‘ఇంట్లోవాళ్లు ఎలా పంపారమ్మా’ అని జాలిపడేవాళ్లకు కొదవ లేదు.

ఈ సాయంత్రాల లెక్క ఊహ మాత్రమే కాదు. నెదర్లాండ్స్‌లో సెరిబ్రల్ పాల్సీ ఉన్న యువత మీద పరిశోధకులు ఏళ్ల తరబడి అధ్యయనాలు చేశారు. తోటివాళ్లతో కలిసి తిరగడానికీ, తర్వాత ప్రేమబంధాలు ఏర్పడటానికీ దగ్గరి సంబంధం ఉందని వాటిలో తేలింది. మన ఊరి కోణంలో చూస్తే, బీచ్ రోడ్డు ఫుట్‌పాత్ మీదికి బండి ఎక్కగలగడం కూడా ప్రేమకు సంబంధించిన విషయమే.

బీచ్ రోడ్డులో ఆల్ ఎబిలిటీస్ పార్కు కట్టారు. అది చిన్నపిల్లలకు. రుషికొండ బీచ్‌కు 2020లో, శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, దివ్యాంగులకు అందుబాటు కూడా ఆ గుర్తింపు ప్రమాణాల్లో ఉంది. ఇవి మంచి ప్రయత్నాలే. అయితే కుర్రవాళ్లు కలుసుకునేది ప్రత్యేకంగా కట్టిన చోట కాదు. వాళ్లు చేరేది టీ కొట్టు దగ్గర, సినిమా హాల్లో, స్నేహితుడి మేడ మీద. సినిమా హాల్లో వీల్‌చైర్‌కు చోటిచ్చేది సాధారణంగా మొదటి వరుస పక్కన, జట్టంతా వెనక కూర్చుంటుంది. సినిమా చూసినట్టే ఉంటుంది, కలిసి చూసినట్టు ఉండదు. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు నిబంధనలు సలహాల్లా ఉంటే సరిపోదు, తప్పనిసరిగా పాటించేలా ఉండాలని చెప్పింది. ఆ తీర్పు మన కాఫీ షాపు గుమ్మందాకా వచ్చే రోజు కోసం ఎదురుచూడాలి.

అందరికీ అన్నయ్య

స్నేహాలు అసలు లేవని కాదు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చి ఆంధ్రా యూనివర్సిటీలోనో నగరంలోని కాలేజీల్లోనో చదువుకునే దివ్యాంగ విద్యార్థులకు స్నేహితులు బాగానే ఉంటారు. ఆ స్నేహాల్లో వాళ్లకు దక్కే పాత్రే ఇబ్బంది. అబ్బాయి అయితే క్లాసులోని అమ్మాయిలందరికీ ‘అన్నయ్య’. అందరి ప్రేమలకూ రాయబారి అతనే, అందరి ఏడుపులూ వినేది అతనే. ఇతని దగ్గర ఏ భయమూ లేదన్న నమ్మకంతో అమ్మాయిలు మనసు విప్పుతారు. ఆ నమ్మకం గౌరవమే. కానీ అతన్ని మగవాడి లెక్కలోంచి తీసేశారన్న అర్థం కూడా అందులోనే ఉంది. అది అతనికి తెలుసు. ఎప్పుడైనా ఒక అమ్మాయి మీద ఇష్టం కలిగితే చెప్పడానికి వెనకాడతాడు. కాదంటే పోయేది ప్రేమ ఒక్కటే కాదు, ఆ ‘అన్నయ్య’ స్థానమూ పోతుంది, దాంతో పాటు రికార్డులు రాసిపెట్టే చెయ్యీ, మెట్లెక్కించే భుజమూ పోతాయి. సాయం చేసేవాళ్లకు ఇష్టం తెలపడంలో ఉన్న ఈ భయం మామూలు కుర్రాళ్లకు ఎదురయ్యేది కాదు.

అమ్మాయికి ఇంకో రకం. ఆమె మంచి శ్రోత, నోట్సులు ఇచ్చే చెల్లెమ్మ. స్నేహితురాళ్లు చీరల గురించీ అబ్బాయిల గురించీ మాట్లాడుకుంటూ ఆమె రాగానే ఆపేస్తారు, బాధపడుతుందేమోనని. నిజానికి ఆమెను బాధపెట్టేది ఆ ఆపడమే. పదహారేళ్ల వయసులో తోటివాళ్లు గుసగుసల్లో నేర్చుకునే సంగతులు ఆమెకు ఎవరూ చెప్పరు. నెలసరి వచ్చిన రోజు నుంచి తల్లి భయమంతా జాగ్రత్తల చుట్టూనే తిరుగుతుంది. శరీరం ఆనందానికి కూడా సంబంధించినదన్న మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాదు.

తలుపు వేసుకోలేని ఇల్లు

స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి అమ్మ సాయం కావాల్సిన యువతీయువకులకు రహస్యం అనేదే ఉండదు. ఫోను ఛార్జింగు పెట్టేది కూడా ఇంట్లోవాళ్లే అయితే మెసేజీలు ఎవరి కంట పడతాయో చెప్పలేరు. తల్లిదండ్రుల ప్రేమను ఇక్కడ తప్పుపట్టలేం. ఇరవై ఏళ్లుగా ఆ బిడ్డ కోసం తమ జీవితాన్నే మార్చుకున్న మనుషులు వాళ్లు. అయినా ఆ సేవకూ కాపలాకూ మధ్య గీత గీయకపోతే బిడ్డ ఎప్పటికీ బిడ్డగానే మిగిలిపోతుంది.

అందుకే స్మార్ట్‌ఫోన్ వీళ్లకు దొరికిన మొదటి సొంత గది. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లో నడకతో పని లేదు, మాటతోనే పరిచయం. అయితే ఒక ప్రశ్న వెంటాడుతూనే ఉంటుంది: వీల్‌చైర్ సంగతి ఎప్పుడు చెప్పాలి? మొదటే చెబితే అవతలివాళ్లు మాయమవుతారు. నెల తర్వాత చెబితే మోసం చేశావంటారు. భుజాలదాకా కత్తిరించిన ఫొటో పెట్టుకున్న యువతిని అబద్ధాలకోరు అనడం సులువే. ఆ ఫొటోలోంచి కుర్చీని కత్తిరించాల్సిన భయం ఆమెకు ఎవరు నేర్పారన్నది కూడా అడగాలి. మొత్తంమీద ముందే చెప్పడం మేలన్నది అనుభవజ్ఞుల మాట. వచ్చే పరిచయాలు తగ్గినా, నిలిచేవి నిలుస్తాయి. దేశంలో దివ్యాంగుల కోసమే 2016లో ‘ఇన్‌క్లవ్’ అనే యాప్ వచ్చింది. ఊళ్లలో ముఖాముఖి కలుసుకునే ఏర్పాట్లూ చేసింది. కొన్నేళ్లకే అది మూతపడింది.

సంబంధాల బజారులో

పెళ్లి సంబంధాల సైట్లలో కులం, ఎత్తు, జీతం పక్కనే శారీరక స్థితి అన్న గడి ఒకటి ఉంటుంది. అందులో ‘నార్మల్’ అని ఎంచుకోగానే దివ్యాంగులందరూ తెర మీంచి తప్పుకుంటారు. కాదనిపించుకునే అవకాశం కూడా వాళ్లకు రాదు. ముఖాముఖి పరిచయంలో ఇలా జరగదు. మూడు నెలలు పక్క సీటులో పనిచేసిన మనిషికి ఆ కుర్చీ కంటే ఇవతలి మనిషి మాట, నవ్వు, పట్టుదల ముందు కనబడతాయి.

ఆడ, మగ తేడా ఇక్కడ చాలా పదునుగా ఉంటుంది. దివ్యాంగుడికి ప్రభుత్వ ఉద్యోగం వస్తే సంబంధాలు వెతుక్కుంటూ వస్తాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్న 4 శాతం రిజర్వేషన్ ఎంతోమంది యువకుల పెళ్లికి దారి వేసింది. ఎక్కువగా పేదింటి అమ్మాయిని, వైకల్యం లేని అమ్మాయిని తెస్తారు. ఆమెను ఎవరూ ‘నీకు ఇష్టమేనా’ అని గట్టిగా అడగరు, అది కూడా అన్యాయమే. అదే ఉద్యోగం దివ్యాంగురాలికి వస్తే వచ్చే సంబంధం జీతం కోసమేనని ఇంట్లోవాళ్లే అనుమానిస్తారు. ‘వంట ఎవరు చేస్తారు, నీళ్లు ఎవరు మోస్తారు’ అని అవతలివాళ్లు అడుగుతారు. కోడలంటే ఇంటి చాకిరీ అన్న లెక్క మారనంతకాలం ఆ ప్రశ్న ఆమెనే తాకుతుంది.

ఉద్యోగం లేని అమ్మాయికి మిగిలే దారులు రెండు. ఒకటి రెండో సంబంధం, భార్య పోయిన, వయసులో బాగా పెద్దవాడితో. ఇంకొకటి మేనరికం. ‘మన పిల్లని మనమే చూసుకోకపోతే ఎవరు చూస్తారు’ అని మేనమామకో బావకో ఇచ్చేస్తారు. ఆ మాట వెనక ప్రేమ ఉండొచ్చు. అమ్మాయి ఒప్పుకోలు ఉందో లేదో మాత్రం తెలియదు.

ప్రభుత్వాలు పెళ్లికి డబ్బు సాయం ఇస్తూ వచ్చాయి. రాష్ట్రంలో 2022 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన కల్యాణమస్తు పథకంలో దివ్యాంగులకు ప్రకటించిన మొత్తం లక్షన్నర రూపాయలు. మిగతా వర్గాలకు ప్రకటించిన దానికంటే అది ఎక్కువ. పెళ్లి ఖర్చుకు అది పెద్ద ఆసరానే. అయితే ప్రోత్సాహకం పెట్టి పెళ్లి చేయించడం వెనక, ఈ పెళ్లికి ఒప్పుకున్నవాళ్లు త్యాగం చేస్తున్నారన్న ఆలోచన దాగి ఉంది. ‘ఆదర్శ వివాహం’ అని ఫొటో వేసి సన్మానం చేస్తే ఆ ఇంట్లో తొలి గొడవ వచ్చినప్పుడు ఏ మాట వస్తుందో ఊహించడం కష్టం కాదు. దీనికంటే 2024 జులైలో నెలకు 6,000 రూపాయలకు పెంచిన పింఛను బంధాలకు ఎక్కువ మేలు చేస్తుంది. అది పెళ్లికి ముందూ, తర్వాతా, పెళ్లి విరిగినా సొంత చేతిలో ఉండే డబ్బు.

పిల్లల గురించిన ప్రశ్న

పెళ్లి మాటల్లో అందరూ పక్కకు పిలిచి గుసగుసగా అడిగే ప్రశ్న: కాపురం చేయగలరా, పిల్లలు పుడతారా, పుట్టేవాళ్లకూ ఇదే వస్తుందా? జవాబులు చాలావరకు వైద్యులకు తెలిసినవే. సంబంధం చూసేవాళ్లే వైద్యుల దగ్గరికి వెళ్లరు.

పోలియో వైరస్ వల్ల వచ్చేది, పిల్లలకు సంక్రమించదు. అది కండరాలను నడిపే నరాలను దెబ్బతీస్తుంది, స్పర్శ పోదు, సంతాన సామర్థ్యం పోదు. సెరిబ్రల్ పాల్సీ చాలావరకు పుట్టుక సమయానికి అటూఇటూ మెదడుకు జరిగిన నష్టం. అదీ సాధారణంగా వంశపారంపర్యం కాదు. వెన్నుపాము దెబ్బతిన్న మహిళల్లో నెలసరి కొన్ని నెలలు ఆగి తిరిగి వస్తుంది. వచ్చాక గర్భం దాల్చే శక్తి మునుపటిలాగే ఉంటుంది. దెబ్బ ఛాతీ ఆరో వెన్నుపూస స్థాయిలో గానీ అంతకు పైన గానీ తగిలితే ప్రసవ సమయంలో బీపీ ప్రమాదకరంగా పెరగొచ్చు, ఆ సంగతి డాక్టరుకు ముందే తెలిసి ఉండాలి. పురుషుల్లో అంగస్తంభన చాలామందికి ఏదో ఒక మేరకు వీలవుతుంది, మందులూ ఉన్నాయి. ఇబ్బంది ఎక్కువగా వీర్యస్ఖలనం దగ్గర వస్తుంది, దానికీ ఐవీఎఫ్ వంటి మార్గాలున్నాయి.

నిజంగా జాగ్రత్త పడాల్సింది జన్యు సంబంధ జబ్బుల విషయంలో. కండరాలు క్షీణించే స్పైనల్ మస్క్యులర్ ఆట్రోఫీ లాంటి జబ్బులో తల్లిదండ్రులిద్దరిలోనూ దెబ్బతిన్న జన్యువు ఒక్కొక్కటి దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అలాంటి జబ్బున్న అమ్మాయినే భద్రత పేరుతో మేనమామకు ఇస్తే, అదే జన్యువు అతనిలోనూ ఉండే అవకాశం బయటివాళ్ల కంటే చాలా ఎక్కువ. పోలియో వచ్చిన అమ్మాయిని పిల్లల భయంతో కాదంటారు, జన్యు పరీక్ష అవసరమైనచోట మాత్రం అడగకుండా ముడివేస్తారు. పెళ్లికి ముందు జన్యు సలహా తీసుకోవడం జాతకాలు చూపించినంత మామూలు పని కావాలి.

వైకల్యం ఉన్నవాళ్లకు సంతానం, కుటుంబ నియంత్రణ గురించి సమాచారం అందించడం ప్రభుత్వ బాధ్యత అని 2016 చట్టం 10వ సెక్షన్ చెబుతోంది. వాళ్ల సమ్మతి లేకుండా పిల్లలు పుట్టకుండా చేసే ఏ వైద్యమూ చేయరాదని కూడా అదే సెక్షన్ చెప్పింది. తల్లిదండ్రుల సంతకం ఆ సమ్మతికి బదులు కాదు.

కలిసి ఉండటం, విడిపోవడం

ఇద్దరూ దివ్యాంగులే అయితే ‘ఇద్దరికీ ఎవరు చేస్తారు’ అన్నది మొదటి అభ్యంతరం. చేతుల్లో బలమున్న మనిషి, కాళ్లలో బలమున్న మనిషి కలిసి సంసారాన్ని నడుపుకునే తీరు చూసినవాళ్లకు అది అంత పెద్ద ప్రశ్నగా అనిపించదు. గ్యాస్ పొయ్యి ఎత్తు తగ్గించుకుంటారు, పనిమనిషిని పెట్టుకుంటారు.

అసలు కష్టం బంధం చెడినప్పుడు. సేవ చేసే మనిషే కొట్టే మనిషి అయితే తలుపుదాకా వెళ్లడానికి కూడా ఆ మనిషి సాయమే కావాలి. ‘ఇంతకంటే నన్ను ఎవరు చేసుకుంటారు’ అన్న భయం నోరు నొక్కేస్తుంది. హింస జరుగుతోందని తెలిసిన ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు తెలపవచ్చని 2016 చట్టం 7వ సెక్షన్ చెబుతోంది. లైంగిక నేరాల్లో వైకల్యం ఉన్న బాధితురాలి ఫిర్యాదును ఆమె ఇంటి దగ్గరో, ఆమె కోరుకున్న అనువైన చోటో నమోదు చేయాలి. మన రాష్ట్రానికి చెందిన పఠాన్ జమాల్ వలీ కేసులో 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, వైకల్యం ఉన్న మహిళ సాక్ష్యాన్ని అందువల్ల తక్కువగా చూడరాదని స్పష్టం చేసింది.

ఇష్టపడి చేసుకునేవాళ్లకు దారిలో ఎదురయ్యేవి ఇంకా చిన్న అడ్డంకులు, చాలా మొండి అడ్డంకులు. 2023 అక్టోబరులో ముంబయిలోని ఖార్‌లో వివాహ నమోదు కార్యాలయం లిఫ్టు లేని రెండో అంతస్తులో ఉండటంతో, వీల్‌చైర్‌లో వచ్చిన వధువును మెట్ల మీదుగా మోసుకెళ్లాల్సి వచ్చింది. విశాఖలో కొత్త జంట ముందు అద్దె ఇంటి వేట ఉంటుంది. అపార్టుమెంట్లలో కింది అంతస్తు పార్కింగుకు పోతుంది, లిఫ్టు ఉన్నా దాని ముందు మూడు మెట్లుంటాయి, అన్నీ కుదిరిన ఇంట్లో బాత్‌రూం తలుపు ఇరుకు. వీల్‌చైర్ లోపలికి వెళ్లాలంటే తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు ఉండాలని కేంద్రం 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. అది లేక ఎన్నో జంటలు అత్తవారింట్లోనో పుట్టింట్లోనో ఒక గదికి సర్దుకుంటున్నాయి. కొత్తగా లేఅవుట్లు, టవర్లు లేస్తున్న మధురవాడ, కొమ్మాది వైపు ప్లాన్లు ఆమోదించే బల్ల మీద ఆ 90 సెంటీమీటర్ల కొలత ఎవరైనా అడిగితే, ఇంకో పదేళ్లకు కాపురాలు పెట్టబోయేవాళ్లకు ఆ వేట కొంతైనా తగ్గుతుంది.